మాలువా తీర్చిన తండ్రులు

జూబిలీ సంచికలో సంఘ చరిత్ర అంటే శంకుస్థాపన రాయి, గుడి కట్టించిన దొర పేరు, వరుసగా పాస్టర్ల ఫొటోలు. ఈసారి ఆ వరుస కాసేపు ఆపి, సమోవా దీవుల్లో మనకో దూరపు చుట్టం ఉన్నాడని చెప్పాలనుంది.

1805లో విశాఖపట్నానికి క్రాన్, డెస్ గ్రాంజ్ దొరలను పంపిన లండన్ మిషనరీ సొసైటీ మనిషే జాన్ విలియమ్స్. ఆయన 1830లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు చేరాడు. దారి చూపి, అక్కడి పెద్దలతో మాట కలిపింది ఫౌయేయా అనే సమోవా మనిషి. విలియమ్స్ కొద్దిరోజులుండి ఓడెక్కాడు. జనం మధ్య ఉండిపోయి వాక్యం చెప్పింది తహీతి, కుక్ దీవుల నుంచి వచ్చిన ఉపదేశకులు. స్మారకాలు ఎవరికి కట్టారన్నది వేరే సంగతి.

1844లో హార్డీ, టర్నర్ అనే మిషనరీలు ఉపోలు దీవిలో మాలువా వేదాంత పాఠశాల తెరిచారు. విద్యార్థులు భార్యాపిల్లలతో వచ్చి అక్కడే కాపురం ఉండేవారు. చేమదుంప, అరటి వేసుకుని, చేపలు పట్టుకుని తమ తిండి తామే చూసుకునేవారు. భార్యలకూ చదువు చెప్పేవారు. అంటే మాలువా ఒక పాస్టరును కాదు, ఒక ఇంటినే తయారుచేసి ఊరికి పంపింది. ఆ ఇళ్లలో కొన్ని తువాలు, కిరిబాతి, పాపువా దాకా వెళ్లాయి. పాపువాలో మలేరియాకు చాలామంది రాలిపోయారు.

సమోవాలో సంఘం నిలబడింది ఆదివారం ఒక్కరోజు మీద కాదు. పొద్దుగూకే వేళ ఊళ్లో గంటో శంఖమో మోగుతుంది. అటూ ఇటూ తిరిగేవాళ్లు ఆగిపోవాలి. చాలా ఊళ్లలో కుర్రాళ్లు రోడ్డు మీద నిలబడి కాపలా కాస్తారు. ఇంట్లో అందరూ చాప మీద కూర్చుంటారు. పాట ఎత్తుకుంటారు, బైబిల్ చదువుతారు. తండ్రో తాతో ప్రార్థన చేస్తాడు. అతను పగలంతా తోటలో, పడవలో ఒళ్లు వంచినవాడే. ఆదివారం తెల్లవారకముందే మగవాళ్లు లేచి రాళ్లు కాల్చి, ఆకులు కప్పి ఊము అనే పొయ్యిలో వంట మొదలుపెడతారు. ఆ వంట ఆడవాళ్లది కాదు! గుడి నుంచి వచ్చాక అందరూ కలిసి తింటారు. పాస్టరు ఇంటికీ భోజనం వెళ్తుంది.

పాస్టరుకూ ఊరికీ మధ్య ఉండేది జీతం లెక్క కాదు. పూర్వం అన్న తన చెల్లెలికి, ఆమె సంతానానికి చూపాల్సిన గౌరవాన్నే ఊరు పాస్టరుకు చూపుతుంది. మన ఇళ్లలో ఆడపడుచుకు పసుపు కుంకుమ పెట్టి పంపే బాధ్యత ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. ఇల్లు ఇవ్వాలి, భోజనం పెట్టాలి, కానుకలు ఇవ్వాలి. కానీ చాలా గుళ్లలో ఏ ఇల్లు ఎంత ఇచ్చిందో పైకి చదువుతారు. పేరు పోతుందని అప్పు చేసే తండ్రులున్నారు. దీన్ని భక్తి అని మెచ్చుకోలేను. న్యూజిలాండ్‌కు కూలికెళ్లిన కొడుకులు పంపే డబ్బులోంచి కూడా ఈ కానుకలు వెళ్తుంటాయి.

1918 నవంబరులో ఆక్లండ్ నుంచి సమోవాకు వచ్చిన తలూనే ఓడ ఇన్‌ఫ్లుయెంజాను దించింది. జనాభాలో అయిదో వంతుకు పైగా, దాదాపు 8,500 మంది పోయారు. ఊరి పెద్దలూ పాస్టర్లూ ఆ లెక్కలో ఉన్నారు. మిగిలినవాళ్లు మళ్లీ సంధ్య ప్రార్థన కొనసాగించారు. ఆ పని చేసినవాళ్ల పేర్లు ఏ సంచికలోనూ ఉండవు.

తండ్రి పోతే సమోవాలో చాలామంది ఇంటి ముందే పాతిపెడతారు. సమాధి మీద పిల్లలు ఆడుకుంటారు, బట్టలు ఆరేస్తారు, ఎవరూ అరవరు. అక్టోబరు రెండో ఆదివారం పిల్లల పండుగ. తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు గుడిలో వచనాలు అప్పజెబుతారు, ఇంటికొచ్చి వాళ్లే ముందు కూర్చుని తింటారు, పెద్దలు వడ్డిస్తారు. సంవత్సరంలో తక్కిన రోజుల్లో వరుస దీనికి తలకిందులు.

జూబిలీ కమిటీవారికి ఒక మనవి. పాస్టర్ల ఫొటోలు, ట్రెజరర్ల పట్టిక అయ్యాక రెండు పేజీలు వదలండి. ఇంట్లో సాయంకాల ప్రార్థన నడిపించిన నాన్నల, అమ్మల పేర్లు కుటుంబాలవారే రాసి ఇస్తారు. అచ్చుకూలి కొంచెం పెరుగుతుంది, అంతే.