పలక క్రింద దాగిన వన్నె

పాత ట్రాక్టరును పునరుద్ధరింపబూనిన వారిలో పెక్కురు ఇంజనును విప్పి బిగించుటలో చూపునంతటి ఓర్పును రంగు విషయమున చూపరు. ఇనుపబ్రష్షుతో ఒడలెల్ల గీకివేసి, తమకు జ్ఞాపకమున్న వన్నెకు దగ్గరగా నుండు డబ్బా నొకదానిని తెప్పించి పూయింతురు. పోయిన బోల్టునకు మారుగా మరియొక బోల్టు దొరకును, అరిగిన పిస్టనునకు బదులు క్రొత్తదానిని చేయించుకొనవచ్చును, కాని గీకివేసిన తొలిపూత మాత్రము తిరిగి రాదు. కర్మాగారపు ద్వారము దాటిన నాడు ఆ యంత్రము ధరించియున్న రంగు కేవలము అలంకారము కాదు. అది పుట్టిన ఊరికిని, ఏటికిని, ఒక్కొక్కమారు ఆ కాలమున మనుష్యులను కలచిన భయమునకును అది సాక్షి. ఈ మాటకు ఫోర్డుసన్ ట్రాక్టరు చరిత్రకంటె చక్కని నిదర్శనము నాకు కానరాదు.

మొదటి ప్రపంచయుద్ధమున జర్మను జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచివేయుచుండగా, తిండిగింజలకై తల్లడిల్లిన బ్రిటిషు ప్రభుత్వము హెన్రీ ఫోర్డును వేలకొలది ట్రాక్టర్లు కోరెను. 1917లో అమెరికాలోని డియర్‌బర్న్ పట్టణమున ఆరంభమైన ఫోర్డుసన్ ‘ఎఫ్’ నమూనా బూడిదరంగు ఒడలితో, ఎఱ్ఱని చక్రములతో పొలములకు దిగెను. 1928లో అమెరికాలో దాని ఉత్పత్తి నిలిచిపోగా, మరుసటి సంవత్సరము ఫోర్డు తండ్రి పుట్టిన ఐర్లండులోని కార్క్ సీమలో, అదే వంశమునకు చెందిన ‘ఎన్’ నమూనా తయారు కాసాగెను. దానికిని అదే బూడిదవన్నె. 1933లో ఈ పని ఇంగ్లాండునకు, థేమ్సు నదీతీరమున నున్న డాగెన్‌హామ్ కర్మాగారమునకు తరలినప్పుడు ట్రాక్టరు నీలవర్ణము దాల్చెను. 1937లో నారింజ వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొనివచ్చిన పిమ్మట, దున్నిన నేలలో నిప్పుకణికవలె వెలుగు ఆ నారింజవన్నె మింటినుండి శత్రువిమానములకు గురియగునను తలంపున ఆకుపచ్చ పూయసాగిరి. 1945లో ‘ఎన్’ నమూనా అస్తమించి మేజర్ నమూనా రాగా నీలము మరల వచ్చెను. ఒక్క నమూనా, పదునారేండ్ల ఆయుర్దాయము, నాలుగు రంగులు! కావున ‘ఫోర్డుసన్ రంగు’ అను మాటకు అర్థము లేదు. ‘ఈ ఫోర్డుసన్ రంగు’ అని మాత్రమే అనవలెను.

ఆ రంగును కనుగొనుటకు మొట్టమొదట చూడవలసినది ఇంజను దిమ్మపై కొట్టిన క్రమసంఖ్య. దానివలన తయారైన సంవత్సరము తెలియును. కాని ఆ సంఖ్య ఇంజనుది. డెబ్బది యెనుబది యేండ్ల సేవలో ఇంజను మారియుండవచ్చును, ఒకదాని ముక్కు మరియొకదాని వెన్నునకు అతికించియుండవచ్చును. అందుచేత సంఖ్య చెప్పినదానిని ఒడలు ఒప్పుకొనుచున్నదా యని పరీక్షింపవలెను.

ఒడలిపై తొలిపూత ఎచ్చట మిగులును? ఎండయు వానయు చేయియు చొరలేని చోట. పేరుపలక క్రింద, ఇంధనపు ట్యాంకును బిగించిన పట్టీల క్రింద, పనిముట్ల పెట్టె లోపలి గోడలపై, రెండు భాగములు కలియు అతుకుల నడుమ, అన్నిటికంటె మిన్నగా గేరుపెట్టె అడుగున పేరుకొనిన గ్రీజు మడ్డి వెనుక. చూచువారికి రోతపుట్టించు ఆ మడ్డియే సూర్యరశ్మిని, తుప్పును అడ్డుకొని, దశాబ్దములపాటు ఆ రంగును కడుపున దాచుకొనును. దానిని ఇనుపబ్రష్షుతో గీకరాదు. కొయ్యపుడకతో మెల్లగా నెత్తి, కిరోసిను తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలెను.

పిమ్మట సన్నని ఉప్పుకాగితమును తడిపి, రూపాయి బిళ్ళంత చోట, నడుమ లోతుగాను అంచులు పలుచగాను గుండ్రముగా రుద్దినచో, చెట్టుమానును కోసినపుడు కానవచ్చు వలయములవలె పూతలన్నియు ఒకదాని వెనుక నొకటి బయల్పడును. ఈ పని తడిపియే చేయవలెను, ముక్కునకు తగిన ముసుగు కట్టుకొనవలెను. ఏలయన ఆనాటి పెయింట్లలో సీసము విరివిగా నుండెడిది, ఆ ధూళి ఒంటికి విషము. అన్నిటికంటె అడుగున కానవచ్చు ఎరుపును చూచి ఇదియే తొలిరంగని సంబరపడరాదు. అది తుప్పు పట్టకుండ వేసిన ప్రైమరు కావచ్చును. భూతద్దముతో చూచినచో రెండు పూతల నడుమ సన్నని నల్లగీత కొన్ని చోట్ల కనబడును. అది పొలపు దుమ్ము. దుమ్ముగీత యున్నచో పై పూత కర్మాగారము దాటిన పిదప వేసినదని తెలియును; గీత లేక ప్రైమరునకు అంటుకొనియున్న పూత కర్మాగారముదే యగుట మిక్కిలి సంభావ్యము.

ఇంత జరిగినను కన్ను మోసపోవు చోటొకటి కలదు. ఆనాటి పెయింట్లలో అవిసెనూనె వంటి నూనెల పాలు మెండు. అట్టి నూనె చీకటిలో ఏండ్ల తరబడి యున్నచో పసుపుబారును. నీలమునకు పసుపు తోడైనచో ఆకుపచ్చ యగునని రంగులు కలుపు పసివానికిని తెలియును. కావున పలకను విప్పినంతనే కనబడు ఆకుపచ్చ యుద్ధకాలపు ఆకుపచ్చయో, 1933 నాటి నీలము చీకటిలో మారిన రూపమో వెంటనే తేల్చిచెప్పరాదు. దానికి విరుగుడు తొందరపడకుండుటయే. ఆ చోటును కొన్ని దినములు పగటివెలుగున ఉంచినచో నూనె పసుపు చాలవరకు విరిగి, నీలమైనచో నీలముగా తేరుకొనును. ఆకుపచ్చయైనచో ఆకుపచ్చగనే నిలుచును. ఆ పిమ్మటనే వన్నెను కొలుచు స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిపించి రంగు కలిపించవలెను. కలిపిన రంగును దుకాణపు ట్యూబులైటు క్రింద గాక బయటి వెలుగులో సరిచూచుకొనవలెను. ఒక దీపము క్రింద ఒకటిగా తోచిన రెండు రంగులు ఎండలో విడిపోవుట కలదు.

పాత ఛాయాచిత్రములు తోడ్పడును గాని వానిని మితముగా నమ్మవలెను. ఎరుపును గ్రహింపలేని నాటి ఫిలిముపై ఎఱ్ఱని చక్రము నల్లగా పడెడిది; ప్రకటనలలోని రంగు అచ్చుసిరా రంగే గాని ట్రాక్టరు రంగు కాదు. వానికంటె కంపెనీల కాగితములు మేలు. ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారి దస్తావేజులు అమెరికాలోని మాడిసన్‌లో విస్కాన్సిన్ చరిత్ర సంఘమువద్ద భద్రముగా నున్నవి. ఆ కంపెనీ ఫార్మాల్ ట్రాక్టర్లు 1936 చివరివరకు బూడిదరంగువి, అటుపిమ్మట ఎఱ్ఱనివి. 1932 నుండి 1939 వరకు తయారైన ‘ఎఫ్-20’ నమూనా ఈ రెండు రంగులను చూచినది. మరమ్మతునకు వచ్చిన బూడిద ట్రాక్టర్లకు అమ్మకందారులు క్రొత్త ఎరుపును పూసి పంపుటయు కలదు. అట్టిదాని ఎరుపు క్రింద బూడిద కనబడినచో, కర్మాగారపు రంగు బూడిదయే. కాని ఆ ఎరుపును అబద్ధము కాదు, దానిని కొన్న రైతు గర్వముతో వేయించుకొనిన రెండవ వస్త్రమది.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. హారీ ఫెర్గూసన్ ‘టీఈ-20’ ట్రాక్టరు, 1946 నుండి 1956 వరకు ఇంగ్లాండులోని కొవెంట్రీలో 5 లక్షలకు పైగా తయారైనది, ఆపాదమస్తకము బూడిదవర్ణము. ఆయన సంస్థ 1953లో మాస్సీ-హారిస్‌తో కలసిన పిమ్మట, ఆ దశాబ్దము చివరకు కొత్త ట్రాక్టర్లు మాస్సీ వారి ఎరుపును దాల్చెను. 1960లో మద్రాసున వెలసిన టాఫే సంస్థద్వారా ఆ ఎరుపు మన పల్లెలకు వచ్చెను. ఆయుధపూజనాడు మన రైతు పసుపు కుంకుమలు పెట్టి నమస్కరించు ఎఱ్ఱని ట్రాక్టరు వంశములో బూడిదరంగు తాత యొకడు కలడన్నమాట.

మన కొట్టములలోను నేడు తాతలనాటి ట్రాక్టర్లు మూలబడియున్నవి. వానిని మెరిపింపదలచువారికి నా విన్నప మొక్కటే. తొలిరంగును కనుగొనుడు, కలిపించుడు, తనివితీర పూయుడు. పోతఇనుముపై సహజముగా నున్న గరుకును పుట్టీతో మాపి, నాడు లేని నునుపును దానికి అంటగట్టకుడు. అంతయు ముగిసి పేరుపలకను తిరిగి బిగించునపుడు, దాని క్రింద అరచేయంత చోటును మాత్రము తాకక విడిచిపెట్టుడు. మనము కలిపించిన వన్నె ఎంత జాగ్రత్తగా కలిపినను మన అంచనాయే. ఆ అరచేయి చోటు కర్మాగారపు స్వహస్తము. రేపు మనకంటె మేలైన కన్నుతో, మేలైన సాధనముతో ఆ పలకను విప్పువానికి మనము చెప్పిన మాట గాక, యంత్రము తానే చెప్పు మాట అచ్చట వినబడవలెను.