‘డ్యూరా మాటర్’: ఒక లాటిన్ శరీరశాస్త్ర పదం - అర్థచరిత్ర

మెదడును, వెన్నుపామును మూడు పొరలు కప్పి ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా వెలుపలిదీ, దళసరిదీ అయిన పొరకు లాటిన్‌లో ‘డ్యూరా మాటర్’ అని పేరు. లోపలి పలుచని పొరకు ‘పియా మాటర్’ అని పేరు. ‘మాటర్’ అంటే తల్లి. ‘డ్యూరా’ కఠినమైనది, ‘పియా’ భక్తి, వాత్సల్యం గలది. పొరను తల్లి అనడం లాటిన్ నుడికారం కాదు. కాబట్టి ఈ పేర్ల మూలాన్ని లాటిన్ నిఘంటువులో గాక అనువాద చరిత్రలో వెతకవలసి ఉంటుంది.

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ ఈ పొరలను ‘మెనింక్స్’ అన్నాడు. ఆ మాటకు పొర అనే అర్థం. ఒకటి దళసరి పొర, మరొకటి పలుచని పొర. ఇందులో తల్లి ప్రసక్తి లేదు. గాలెన్ రచనలు 9వ శతాబ్దిలో అరబ్బీలోకి వచ్చినప్పుడు ఈ పొరలకు ‘ఉమ్మ్’, అంటే తల్లి, అనే మాట కుదిరింది. వస్తువుల మధ్య సంబంధాన్ని బంధుత్వ పదాలతో చెప్పడం అరబ్బీకి సహజం. మెదడు పొరను ‘మెదడు తల్లి’ అనడం వైద్యులకే పరిమితం కాదు. తల గాయాలకు పరిహారం నిర్ణయించే ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ ఆ పొరదాకా దిగిన గాయానికి ఈ మాటనుంచి పుట్టిన పేరే ఉంది.

10వ శతాబ్దిలో అలీ ఇబ్న్ అల్ అబ్బాస్ అల్ మజూసీ రచించిన వైద్యగ్రంథాన్ని 1127లో అంతియొక్‌కు చెందిన స్టీఫెన్ లాటిన్‌లోకి అనువదించాడు. ఈ లాటిన్ పేర్లను సాధారణంగా ఆయనకే ఆపాదిస్తారు. అరబ్బీ ‘ఉమ్మ్’ మాటకు మాటగా ‘మాటర్’ అయింది. రెండో పేరులో జారుడు ఇంకా స్పష్టం. అరబ్బీ ‘రఖీఖ్’కు పలుచన, సున్నితం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. మన ‘మెత్తన’ గుడ్డకూ మనసుకూ చెల్లినట్టే ఇదీ చెల్లుతుంది. అనువాదంలో మనసు వైపు అర్థం నిలిచి, పలుచని పొర వాత్సల్యమూర్తి అయింది.

1543లో వెసేలియస్ తన గ్రంథంలో ‘మాటర్’ బదులు పొర అనే అర్థమిచ్చే లాటిన్ మాటనే ఎక్కువగా వాడాడు. అయినా 1895 నాటి బాసెల్ పదపట్టిక ‘మాటర్’నే నిలిపింది. 1998 నాటి అంతర్జాతీయ పట్టికలో నడిమి పొర కూడా ‘అరాక్నోయిడియా మాటర్’ అయింది. గ్రీకులో సాలీడును స్ఫురింపజేసే ఈ పేరుకు అరబ్బీ తల్లితో పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదు. అర్థం మరుగైన మాట ఒక వర్గానికి గుర్తుగా మిగిలి, కొత్త సభ్యులనూ చేర్చుకుందన్నమాట.

తెలుగు జీవశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ఈ మూడింటికీ వరాశిక, లౌతికళ, మృద్వి అనే పేర్లున్నాయి. ‘వరాశి’ అమరకోశంలో ముతక వస్త్రానికి పేరు. ‘లూత’ సాలీడు, ‘కళ’ ఆయుర్వేదంలో పొర. మృద్వి అంటే మెత్తనిది. అంటే ఈ పదాలు తల్లిని విడిచిపెట్టాయి. వరాశిక అయితే లాటిన్ కాఠిన్యాన్ని దాటి గాలెన్ చెప్పిన దళసరితనానికే తిరిగి చేరింది. అర్థదృష్టితో ఇది మేలైన ఎంపిక. కాని వరాశి వాడుకలో లేని మాట కావడంతో, నేటి విద్యార్థికి వరాశిక కూడా డ్యూరా మాటర్ లాగే కంఠస్థం చేయవలసిన శబ్దమే.

ఇక్కడ ఒక వైపరీత్యం గమనించదగినది. తల్లివేరు, పిల్లకాలువ అనే తెలుగుకు ‘ఉమ్మ్’ నుడికారం కొత్తది కాదు. ఆ నుడికారం లేని లాటిన్ తల్లిని తెచ్చుకుంది. ఉన్న తెలుగు వదులుకుంది. మూలపదంలోని ప్రతి అక్షరాన్నీ తేవడమూ, సంస్కృత ధాతువును వెదకడమూ పారిభాషిక పదనిర్మాణానికి చాలవు. మూలంలోని నుడికారం స్వీకరించే భాషలో బతికి ఉందా అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.