సగటు చాటున పొలం: జీవద్రవ్య డేటాబేస్‌లలో బూడిద శాతం

జీవద్రవ్య ముడిసరుకుల ఉమ్మడి డేటాబేస్‌లలో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫిలిస్, అమెరికాలో ఐడహో జాతీయ ప్రయోగశాల నిర్వహించే బయోఎనర్జీ ఫీడ్‌స్టాక్ లైబ్రరీ ప్రముఖమైనవి. పరిశోధకులు వీటినుంచి తరచుగా తీసుకునేది సగటు బూడిద శాతం. నమూనా ఏ పొలానిది, ఎప్పుడు కోసినది, ఎలా ఎత్తినది అన్న వివరాలు పక్కన పడిపోతాయి.

ఈ అలవాటుకు బలం చేకూర్చింది అమెరికా ప్రభుత్వపు 2005 నాటి బిలియన్ టన్ నివేదిక. అమెరికా పెట్రోలియం వాడకంలో 30 శాతానికి ప్రత్యామ్నాయంగా ఏటా సుమారు వంద కోట్ల పొడి టన్నుల జీవద్రవ్యం కావాలని, అది దొరుకుతుందని ఆ నివేదిక లెక్క కట్టింది. పొడి టన్నులన్నీ ఒకటే అన్నది ఆ లెక్కకు పునాది. పునాదిలోనే లోపం ఉంది.

బూడిద అంకెల్లో ముందుగా తేమ సంగతే చూడాలి. పొడి ప్రాతిపదికన, అంటే తేమ తీసేసి లెక్కిస్తే, 15 శాతం బూడిద ఉన్న వరిగడ్డిలో 20 శాతం తేమ ఉంటే, తేమతో సహా లెక్కించే అందిన స్థితి ప్రాతిపదికన ఆ బూడిద 12 శాతమే. ప్రాతిపదిక రాయని చోట ఒకే గడ్డి రెండు సరుకులుగా కనిపిస్తుంది. కాల్చే ఉష్ణోగ్రతలోనూ తేడా ఉంది: యూరప్ పద్ధతిలో 550 డిగ్రీలు, అమెరికా పద్ధతిలో 575. బొగ్గు పరీక్షకు వాడే పద్ధతిలో ఇంకా ఎక్కువ వేడి చేస్తారు. అప్పుడు పొటాషియం కొంత ఆవిరైపోయి బూడిద తగ్గినట్టు తేలుతుంది.

అసలు తేడా పొలంలోనే మొదలవుతుంది. వరి నేలనుంచి సిలికాను పీల్చుకుంటుంది. అది మొక్క సొంత బూడిద. మొక్కజొన్న చొప్పను నేలమీద పోగు చేసి బేళ్లు కట్టినప్పుడు అంటుకునే మట్టి వేరు. కోత తీరు మారిస్తే అది తగ్గుతుంది. కోసిన గడ్డి పొలంలో వానకు తడిస్తే పొటాషియం, క్లోరిన్ కొట్టుకుపోతాయి. బాయిలర్‌లో బూడిద కరిగి గడ్డకట్టడానికి మొదటిది, గొట్టాలు తినేయడానికి రెండోది ముఖ్య కారణాలు. అంటే ఒక్క వాన సరుకు గుణాన్ని మార్చేస్తుంది, సగటులో ఆ వాన జాడే ఉండదు. 2012 కరువులో అమెరికా చొప్పలో నిర్మాణ చక్కెరలు తగ్గినట్టు నమోదైంది. ఆ ఏటి అంకెలను మామూలు ఏళ్లతో కలిపి సగటు తీస్తే ఆ కరువు కనబడకుండా పోతుంది. కోతయంత్రం వదిలిన గడ్డిని తర్వాత బేళ్లు కట్టే గోదావరి, కృష్ణా డెల్టాల వరి పొలాలకూ ఈ ప్రశ్నలే వర్తిస్తాయి.

దేశమంతటి మొత్తం అంచనాకు సగటు చాలన్న వాదన లేకపోలేదు. కానీ కర్మాగారం దేశాన్ని కాదు, ఆ రోజు వచ్చిన బేళ్లను కాలుస్తుంది. 12 శాతం అనుకున్న చోట 18 శాతం వస్తే ప్రతి వెయ్యి పొడి టన్నులకు 60 టన్నుల అదనపు బూడిదను ఎత్తిపోయాలి.

ఐడహో లైబ్రరీ విశిష్టత ఇక్కడే ఉంది. అక్కడ అంకెలతోపాటు నమూనాలనూ భద్రపరుస్తారు, ప్రతిదానికీ విడి గుర్తింపు ఉంటుంది. సందేహం వస్తే అదే నమూనాను మళ్లీ పరీక్షించవచ్చు. కోత తేదీ, ఎత్తిన పద్ధతి, నిల్వ, ప్రాతిపదిక, కాల్చిన ఉష్ణోగ్రత లేని ఏ అంకెమీదా వనరుల అంచనా నిలవదు.