రోగి మాట ఫోనెక్కిన దారి

అనంతపురం జిల్లా కణేకల్‌లో ఎవరికైనా ఒంట్లో బాగలేకపోతే అందుబాటులో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఉంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆ సంస్థ నడిపే ఆసుపత్రుల్లో ఇదొకటి. జబ్బు ఇక్కడ తేలకపోతే ఒక దారి అనంతపురానికి, ఇంకొకటి బళ్ళారికి. హగరి ఏటి ఇసుక పొలాల మీద మేటలు వేసే ఈ సీమలో కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని పెద్దాసుపత్రికి పోవడం చిన్న ఖర్చు కాదు. అందుకే రిపోర్టు ఫోటో తీసి, "ఇది చూసి చెప్పండి సార్" అని వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలైంది. ఆ అలవాటు ఎలా పుట్టిందో వెతికితే, తొలి అడుగుల్లో ఒకటి రాయలసీమలోనే కనిపిస్తుంది.

ఫోన్లకు ముందు ఈ పని ఉత్తరాలు చేశాయి. ఇంట్లో నోరు విప్పలేని బాధను పేరు దాచుకుని వారపత్రికకు రాసేవారు. స్వాతి వారపత్రికలో విజయవాడ డాక్టర్ సమరం ఏళ్ల తరబడి అలాంటి ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఒకరి ప్రశ్నకు వచ్చిన జవాబును అదే బాధ ఉన్న ఇంకెందరో చదువుకునేవారు. అనుభవాన్ని పంచుకోవడంలోని బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

రాయలసీమలో పడిన ఆ తొలి అడుగు ఇది: 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో టెలిమెడిసిన్ కేంద్రం మొదలైంది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అది. ప్రారంభించినది అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్. పల్లెలో తీసిన ఎక్స్‌రేను, ఈసీజీని ఉపగ్రహం ద్వారా నగరంలోని స్పెషలిస్టు చూడగలిగాడు. గొప్ప మార్పే. కానీ మాట్లాడుకున్నది ప్రధానంగా డాక్టరూ డాక్టరూ. 2007లో వచ్చిన 104 ఫోన్ సేవ రోగి గొంతుకు దారి తెరిచింది. చదువు రానివారు కూడా తెలుగులో తమ బాధ తామే చెప్పుకుని సలహా అడగగలిగారు.

ఇంగ్లండులో అప్పటికే ఇంకో ఆలోచన మొదలైంది. రొమ్ము క్యాన్సర్ బారిన పడిన డాక్టర్ ఆన్ మెక్‌ఫర్సన్, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న డాక్టర్ ఆండ్రూ హెర్క్స్‌హైమర్ కలిసి రోగుల అనుభవాలను వాళ్ల నోటనే రికార్డు చేయించి, 2001లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. మంచం పట్టాక ఆ డాక్టర్లిద్దరికీ కావలసి వచ్చింది అదే దారిలో నడిచిన మరో మనిషి మాట.

మన తెలుగు నేల మీద ఆ ఆలోచనకు బాగా దగ్గరగా వచ్చింది నల్గొండ జిల్లా నార్కట్‌పల్లిలోని కామినేని వైద్య కళాశాల. అక్కడి జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ రాకేశ్ బిశ్వాస్ 'యూజర్ డ్రివెన్ హెల్త్‌కేర్' పేరుతో ఏళ్లుగా ఈ దిశలో పనిచేస్తున్నారు. 2011లో అదే పేరుతో మొదలైన అంతర్జాతీయ పత్రికకు సంపాదకుడిగా కూడా ఆయన పనిచేశారు. ఆయన విద్యార్థులు రోగి దగ్గర కూర్చుని, జబ్బుకు ముందు ఆ మనిషి రోజు ఎలా గడిచేది, ఏం తినేవాడు, ఏ పని చేసేవాడు, మొదటి నొప్పి ఎప్పుడొచ్చింది అని అడిగి 'ఈ-లాగ్'గా రాస్తారు. సంతకంతో అనుమతి తీసుకుంటారు. పేరు, ఊరు తీసేస్తారు. ఆ రాత చదివి వేరే చోటి డాక్టర్లు, విద్యార్థులు చర్చిస్తారు. రోగి ఇల్లు చేరాక కూడా వాట్సాప్ ద్వారా ఆ సంభాషణ సాగుతుంది. ఆసుపత్రి కేసు షీటులో ఇంత మనిషి కనిపించడు. చక్కెర ఎందుకు తగ్గడం లేదో ల్యాబు చెప్పలేనిది ఒక్కోసారి కంచంలోని అన్నం చెబుతుంది.

2016 తర్వాత డేటా చౌకై పల్లెల్లోనూ స్మార్ట్‌ఫోన్లు పెరిగాయి. కరోనా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వీడియో, ఫోను, వాట్సాప్ సందేశం, అన్నిటికీ చోటిచ్చాయి. రోగే ముందుగా సంప్రదిస్తే సమ్మతి ఇచ్చినట్టేనని అవే చెప్పాయి. ఆ సమ్మతి ఆ వైద్య సలహా వరకే. నలభైమంది ఉన్న బంధువుల గ్రూపులో ఒకరి హెచ్ఐవీ రిపోర్టో, కాన్పు కాగితమో పెట్టడానికి అది చాలదు. పల్లెలో ఒక్క ఫోటో సంబంధాలు చెడగొట్టగలదు, పని పోగొట్టగలదు. వారపత్రిక ఉత్తరానికి ఉన్న మరుగు గ్రూపు మెసేజికి లేదు. నార్కట్‌పల్లి విద్యార్థి తీసుకునే జాగ్రత్త మన ఇళ్లలోకీ రావాలి.

కాబట్టి రిపోర్టును నేరుగా డాక్టరుకే పంపండి. గ్రూపులో అడగక తప్పకపోతే పేరు, ఆధార్, ఫోన్ నంబర్లు కనిపించకుండా చేయండి. అది మీ అమ్మదైనా సరే, ఆమెను అడిగే పంపండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం ఫోటోలు పంపుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.