ఆన్‌లైన్ బిడ్డింగ్ వేదికలపై రచనా వృత్తి: కోట్ చేసిన ధర, చేతికందే ప్రతిఫలం

ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరకుండా వ్యాసాలు, అనువాదాలు, ప్రకటనల పాఠ్యం రాసి ఇచ్చే స్వతంత్ర రచయితలకు ఇంటర్నెట్ వేదికలు రెండు దశాబ్దాలకు పైగా పని చూపుతున్న విషయం విదితమే. అమెరికాలో 1990 దశకం చివర వెలసిన ఈలాన్స్, 2003లో స్థాపితమైన ఓడెస్క్ సంస్థలు 2013 డిసెంబరులో విలీనాన్ని ప్రకటించి, 2015లో అప్‌వర్క్ అనే పేరును స్వీకరించాయి. సిడ్నీ కేంద్రంగా 2009లో ఏర్పడిన ఫ్రీలాన్సర్ డాట్ కామ్ ఇదే కోవకు చెందినది.

టెండర్లతో పరిచయమున్న అధికారులకు ఈ పద్ధతి కొత్త కాదు. పని అవసరమైనవారు వివరాలు ప్రకటిస్తారు. రచయితలు ధర, గడువు, నమూనా రచనలతో బిడ్ సమర్పిస్తారు. అయితే టెండరు దక్కనివారికి ధరావతు సొమ్ము తిరిగి వస్తుంది. అప్‌వర్క్‌లో బిడ్ వేయడానికి వినియోగించే 'కనెక్టులు' మరొకరు ఎంపికైనచో సాధారణంగా తిరిగి రావు. 2019 నుంచి ఒక్కొక్క కనెక్టు ధర 0.15 డాలరుగా నిర్ణయించబడింది. రచయితలు లెక్కలో తరచుగా విస్మరించేది ఈ వ్యయాన్నే.

సేవా రుసుము దీనికి అదనం. అప్‌వర్క్‌లో 2023 మే నుంచి 10 శాతంగా ఉన్న రుసుము, 2025 మే తరువాత కుదిరిన ఒప్పందాలకు 0 నుంచి 15 శాతం వరకు మారుతూ ఉంటుంది. ఉదాహరణకు 100 డాలర్ల పనిపై 15 శాతం రుసుము పోగా 85 డాలర్లు మిగులుతాయి. ఒక్కో బిడ్‌కు 12 కనెక్టులు కొని, పది బిడ్లకు ఒక పని దక్కినదనుకుంటే మరో 18 డాలర్లు ఖర్చు. చేతికందేది 67 డాలర్లు. ఆ పనికి పది గంటలు పట్టినచో గంటకు 6.70 డాలర్లు మాత్రమే. రచయిత ఇక్కడ ఉద్యోగి కాడు, స్వతంత్ర కాంట్రాక్టరు. అతి తక్కువ ధర కోట్ చేసినందువల్ల కలిగే నష్టాన్ని పూడ్చే వేతన నిబంధన ఏదీ లేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన అనంతరం ఈ వేదికలపై సాధారణ రచనా పనులకు గిరాకీ తగ్గినట్లు పరిశోధనలు వెల్లడించాయి. విషయ పరిజ్ఞానం గలవారు తమ రంగానికే పరిమితమై కొద్ది బిడ్లు వేయడం, అన్నింటికీ బిడ్లు వేయడం కంటే ఖర్చు రీత్యా మేలు.

ప్రతిఫలానికి రక్షణ ఎస్క్రో పద్ధతి. నిర్ణీత ధర పనులలో పని ఇచ్చినవారు సొమ్మును ముందుగా వేదిక వద్ద జమ చేయవలెను. రచన సమర్పించిన 14 రోజులలోగా వారు స్పందించనిచో అప్‌వర్క్‌లో సొమ్ము దానంతట అదే విడుదలవుతుంది. సొమ్ము జమ కాకముందే పని ప్రారంభించినా, వేదిక వెలుపల చెల్లింపునకు అంగీకరించినా ఈ రక్షణ వర్తించదు. 'ఉచిత నమూనా' పేరిట పూర్తి వ్యాసం కోరడం, రిజిస్ట్రేషన్ రుసుము అడగడం మోసానికి సూచనలుగా భావించవచ్చును.

ఈ ఆదాయం ఆదాయపు పన్నుకు లోబడినదే. ప్రభుత్వ ఉద్యోగులు తమ ప్రవర్తనా నియమావళిని, పత్రికా సిబ్బంది తమ నియామక షరతులను ముందుగా పరిశీలించుకొనవలెను.

రచనపై హక్కు ఎవరిదన్నది పాత్రికేయులకు ముఖ్యమైన అంశం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగ విధిగా రాసినవి మొదలైన కొన్ని సందర్భాలలో తప్ప తొలి హక్కుదారు రచయితే. హక్కు బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగవలెను. కానీ అప్‌వర్క్ సాధారణ ఒప్పంద షరతులలో పూర్తి చెల్లింపు జరిగిన వెంటనే హక్కులు పని ఇచ్చినవారికి సంక్రమిస్తాయి. సేకరించిన సమాచారాన్ని తదుపరి పుస్తకంలోనో, తెలుగు అనువాదంలోనో వాడుకొనదలచినవారు ఆ షరతును బిడ్‌లోనే పేర్కొని, ఒప్పందంలో చేర్పించుకొనవలసి ఉంటుంది. పని అప్పగించిన తరువాత కోరినచో అది పని ఇచ్చినవారి ఇష్టానికే వదిలివేయబడుతుంది.