దారి చూపినవాళ్లు

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, మా బోయిన్‌పల్లిలో ట్రావెల్స్ బోర్డుల మీద కొత్త అక్షరాలు పడతాయి. విశాఖ బీచ్, బొర్రా గుహలు, అరకు, లంబసింగి. మూడు పగళ్లు, రెండు రాత్రులు. కింద చిన్న అక్షరాల్లో గిరిజన నృత్యం, క్యాంప్‌ఫైర్, బొంగు చికెన్. ఆ యాత్ర మొత్తంలో మనవాళ్లకు దక్కేది ఆ చిన్న అక్షరాల వరుసే. పిల్లలకు బడిపాఠం చెప్పుకునే మేమూ వాళ్లను ఆ దారినే తీసుకెళ్తుంటాం. సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ, అక్కడ కిరండూల్ పాసింజరు. ఆ దారిలో పిల్లలకు ఏం చెప్పాలన్నదే మా గొడవ. కొండకు ఎవరు వచ్చారో పుస్తకాల్లో ఉంది. వచ్చినవాళ్లకు దారి చూపింది ఎవరో చాలా చోట్ల లేదు.

బొర్రా నుంచే మొదలుపెడదాం. టూరిజం పుస్తకాల్లో ఎప్పుడూ అచ్చయ్యే వాక్యం ఒకటుంది: 1807లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు ఈ గుహలను కనుగొన్నాడని. పిల్లలు పరీక్షల్లో కూడా ఇదే రాస్తారు. కానీ ఆ శాఖ పుట్టింది 1851లో. 1807లో లేని శాఖకు ఉద్యోగి ఎక్కడినుంచి వస్తాడు? విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉన్న మాట నిజమే. ఆయన ఆ శాఖలో చేరింది 1851 తర్వాతే, పైకెదిగి దానికి డైరెక్టరు కూడా అయ్యాడు. మన తెలంగాణ వాళ్లకు ఆయన పేరు కొత్త కాదు. 1870ల మొదట్లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని చెప్పినవాడు ఆయనే. అక్కడా ఇదే తంతు. భద్రాచలం పోయే యాత్రికుడు వంటకు పెట్టిన నల్లరాళ్లు అంటుకున్నాయని ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెప్పుకునే కథ వేరే ఉంది. పుస్తకంలో మాత్రం కింగ్ కనుగొన్నాడనే ఉంటుంది.

బొర్రాలోనూ ఊరి కథ ఉంది. మేతకు పోయిన ఆవు ఒకటి గుహ పైకప్పులోని కంతలో పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ లోపలికి దిగాడు. ఆవు దొరికింది, పక్కనే లింగంలాంటి రాయి కనిపించింది. గుహలో పారే నీటికి గోస్తని అనే పేరును కూడా ఆ ఆవుతోనే ముడిపెడతారు. ఒడియాలో బొర్రా అంటే రంధ్రం. కథలో దేవుడి పాలు ఎంత అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. చరిత్ర చదివేవాళ్లకు పనికొచ్చేది ఇంకొకటి: కొలతపట్టీ పట్టుకుని ఎవరూ రాకముందే ఆ చోటికి పేరుంది, పూజ ఉంది, లోపలికి దిగే దారి తెలిసిన మనిషి ఉన్నాడు. మరి కనుగొనడం అనే మాటకు అర్థం ఏముంది? కాగితం మీదికి ఎక్కించడం అనే కదా.

కాగితం మీదికి ఎక్కించడానికి వచ్చిన దొరలు కొండ ఎలా ఎక్కారు? చాలాసార్లు మనవాళ్ల భుజాల మీద. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. గదబల గురించి రాస్తూ, విశాఖ కొండల్లో వాళ్లు పల్లకీలు మోసేవాళ్లని చెప్తాడు. గదబలు గుర్రాన్ని ముట్టరని కూడా రాశాడు. పల్లకీ మోసేవాడికి గుర్రం పోటీ కాబట్టి, బండి తోలేవాడికి మోటారు కారు మీద ఉన్నలాంటి కోపమే అది అని చమత్కరించాడు. మనకది నవ్వొచ్చే మాట కాదు, కూలి సంగతి. పల్లకీ బోయీకి కనుమలో ఎక్కడ జారుతుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసి ఉండాలి. లోపల కూర్చున్న దొర పేరు పుస్తకం అట్ట మీదికెక్కింది. దారి తెలిసినవాడు లోపలి పేజీల్లో తెగ పేరు కింద, ముక్కు కొలతల పట్టికలో మిగిలాడు.

తర్వాత రైలొచ్చింది. అరకు వెళ్లే రైలు యాత్రికుల కోసం వేసింది కాదని పిల్లలకు చెప్తే ఆశ్చర్యపోతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. దానిలో 58 సొరంగాలు ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో అదే లైను మీద అద్దాల పెట్టె వచ్చింది. కొండను చూపించే రైలు, కొండను మోసుకుపోయే రైలు ఒకే పట్టాల మీద నడుస్తాయి. ఎదురుగా ఖనిజం బండి వచ్చి మన పాసింజరు ఆగిపోయినప్పుడు పిల్లలకు ఈ పాఠం చెప్పడం చాలా తేలిక.

బొర్రా పేరు దేశమంతా వినిపించింది గుహల వల్ల మాత్రమే కాదు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టూ ఉన్న ఊళ్లలో, కాల్సైట్ వంటి ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. గుహను కట్టిన సున్నపురాయి, కంపెనీకి కావలసిన రాయి ఒకే ఇంటివి. సమత అనే సంస్థ మనవాళ్ల తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెప్పింది. 1959 నాటి భూబదలాయింపు చట్టాన్ని, 1970లో దానికి చేసిన సవరణను, అంటే మనం 1/70 అని పిలుచుకునేదాన్ని, కోర్టు విప్పి చదివింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర వ్యక్తికి ఇవ్వకూడదన్న నిబంధనలో వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది. కాబట్టి సర్కారు భూమి అయినా సరే, ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వడం కుదరదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బొర్రా గుహలో రంగుదీపాల కింద గైడు మీకు ఇది శివపార్వతులు, అది రుషి గడ్డం, అదిగో మొసలి అని చూపిస్తాడు. చూడండి, బాగానే ఉంటాయి. అక్కడ గైడుగా పనిచేసే మన పిల్లల నోటి నుంచి సమత తీర్పు కూడా వినాలని మా ఆశ. ఆ రాయి ఇంకా అక్కడ నిలిచి ఉండడంలో ఆ తీర్పుకు వాటా ఉంది. యాత్రికుడు ఫొటో తీసుకునే మొసలి కంటే ఆ కథ పెద్దది. గైడుకు ఆ సంగతి తెలియక కాదు. చెప్పమని నేర్పే శిక్షణలో అది ఉండదు, అంతే.

ఇక భూమి సంగతి. 1/70 ఉన్న చోట గిరిజనేతరుడు భూమి కొని హోటలు కట్టలేడు. అయినా అరకు పరిసరాల్లో రిసార్టులు లేస్తూనే ఉన్నాయి, బినామీ గొడవలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. పట్టాలో మన అన్న పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకరు. ఆ అన్న తన స్థలంలోనే వాచ్‌మన్‌గా ఉంటే, ఆ యాత్రను గిరిజన పర్యాటకం అనాలా?

సాయంత్రం థింసా ఉంటుంది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. యాత్రికులు చూసేది పావుగంట ఆట. ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసుగా తిరుగుతారు, చివర్లో వచ్చినవాళ్లు కూడా చేరి సెల్ఫీలు తీసుకుంటారు. కానీ థింసా ఒకటి కాదు. గ్రామదేవత పేరున ఆడేది బోడ థింసా. పులి నుంచి తప్పించుకునే తీరు చూపేది బాగ్ థింసా. ఆకులు ఏరే పనిని ఆడేది పోతర్ తోలా. గొడ్డి బేట, గుండేరి, కుండ, బయ్య, ఇలా ఇంకా ఉన్నాయి. నాటికారి అయితే మగవాడు ఒక్కడే ఆడేది. తుడుము, డప్పు, మోరి, జోడుకొమ్ములు, ఒక్కో ఆటకు ఒక్కో నడక. చైత్రంలో ఇటుకల పండుగకు ఊళ్లో ఆడేటప్పుడు చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అని ఉండదు.

రిసార్టులో ఆడడం తప్పని మేము అనం. ఆడిన ఆడబిడ్డకు కూలి వస్తోంది, ఆ కూలితో ఇల్లు నడుస్తోంది. దూరం నుంచి సంస్కృతి పోతోందని ఏడ్చేవాళ్లు ఆ కూలి ఇవ్వరు. మేము అడిగేది చిన్నది. ఆడబోయేది ఏ థింసానో, ఎందుకు ఆడతారో ముందు రెండు మాటలు ఆడేవాళ్లే చెప్పాలి. డబ్బు నేరుగా వాళ్ల చేతికే అందాలి.

చూడడానికీ చూపించడానికీ హద్దు లేకపోతే ఎక్కడికి పోతుందో అండమాన్‌లో కనిపించింది. జారవా అడవి గుండా వేసిన రోడ్డు మీద బస్సులు బారులుగా పోయేవి. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లలను ఆడించిన వీడియో 2012లో బయటికొచ్చి ప్రపంచమంతా తిట్టింది. మనకు దగ్గర్లోనే, కోరాపుట్ జిల్లా ఒనకడెల్లి గురువారం సంతలో బోండా అక్కలను కెమెరాలతో చుట్టుముట్టేవారు. అదే ఏడాది ఒడిశా ప్రభుత్వం అలాంటి చోట్లకు యాత్రికులు పోవడం మీద ఆంక్షలు పెట్టింది. అరకు అంత దూరం పోలేదు. కానీ సంతలో అడగకుండా ముసలమ్మ ముక్కుపోగులకు ఫోను గురిపెట్టే మనిషిని మేము ప్రతిసారీ చూస్తాం. మా పిల్లలకు మొదటి నియమం అదే: అడిగి తీయి, వద్దంటే ఫోను జేబులో పెట్టు.

లంబసింగికి చలి కోసం పోతారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఎక్కే ఆ రోడ్డు చరిత్ర ఏ ప్యాకేజీలోనూ ఉండదు. వంద ఏళ్ల కిందట గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆ దారి పనికి మనవాళ్లను బలవంతంగా దించాడు. కూలి అరకొర, ఎదురుచెప్తే దెబ్బలు. మునసబు పని పోగొట్టుకున్న బట్టిపనుకుల గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మన్యం లేచింది. ఆ పోరాటానికి దారులు చూపింది, కొండ మీద అన్నం పెట్టింది, పోలీసులు ఎటు వస్తున్నారో కబురందించింది ఊళ్లవాళ్లే. రాజు పేరు జిల్లాకు పెట్టుకున్నాం, బాగుంది. 1924లో పోలీసుల తూటాకు పడిపోయిన గంటందొర పేరు, 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకు గెలిచిన మల్లుదొర పేరు మన పిల్లలకే తెలియడం లేదు.

గోదావరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన డెబ్బై మందికి పైగా జనంతో పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. చాలామంది మన తెలంగాణ వాళ్లే. నది ఎర్రగా ఉరకలేస్తున్న రోజు అది. గట్టు మీదున్న కచ్చులూరు వాళ్లు తమ పడవలేసుకుని వెళ్లి 26 మందిని ఒడ్డుకు చేర్చారు. సుడి ఎక్కడుందో, ఏ రోజు ఆ మలుపు దాటకూడదో వాళ్లకు తెలుసు. పడవ బయల్దేరే ముందు వాళ్లను అడిగే ఏర్పాటు లేదు.

టీచర్లకు ఒక్క మాట. పిల్లలను తీసుకెళ్లే ముందు హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం ఒకసారి చూపించండి. తర్వాత ప్రతి పిల్లవాడూ గైడును అడగడానికి మూడు ప్రశ్నలు రాసుకోవాలి. మా పిల్లలు పోయిన ఏడు రాసుకున్నవి ఇవి: మీ ఊరు ఏది? ఈ రాయిని మీ అమ్మమ్మ ఏమని పిలిచేది? టికెట్టు డబ్బులో మీ ఊరికి ఎంత వస్తుంది? మొదటి రెండింటికి గైడన్న చాలాసేపు చెప్పాడు, రుషి గడ్డానికి వాళ్ల ఇంట్లో ఉన్న పేరు కూడా చెప్పాడు. మూడోదానికి నవ్వి, ఆ లెక్క పైన ఆఫీసులో అడగమన్నాడు. పిల్లలు ఆ లెక్క అడుగుతూ ఉత్తరం రాశారు. జవాబు కోసం చూస్తున్నాం.