పరుగు నిజం.. రికార్డు మాత్రం లేదు! జ్యోతి యర్రాజి 13.03 ఎందుకు లెక్కలోకి రాలేదు? డోప్ టెస్టుకు రికార్డుకు లింకేంటి?

తెల్లవారుజామున పలాస, టెక్కలి వైపు వెళ్తే రోడ్డు పక్కన పరుగులు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. బారువ, భావనపాడు తీరంలో ఇసుకలో ప్రాక్టీస్ చేసేవాళ్లూ ఉంటారు. ఒకరికి ఆర్మీ, ఒకరికి పోలీస్, మరొకరికి స్టేట్ మీట్ టార్గెట్. పరుగు అయ్యాక టీ దగ్గర మాత్రం ఒకటే గొడవ. ఎవరి రికార్డు అసలు? ఎవరిది మందు కొట్టి తెచ్చుకున్నది? దొరికిపోతే పాత రికార్డులు కూడా పోతాయా? ఈ ప్రశ్నలకు మన ఉత్తరాంధ్ర అమ్మాయి కెరీర్‌లోనే మంచి జవాబు ఉంది. వివరాల్లోకి వెళ్దాం.

అసలేం జరిగింది?

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. ఈవెంట్ 100 మీటర్ల హర్డిల్స్. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్ జరిగింది. అక్కడ జ్యోతి 13.03 సెకన్లలో పరుగు పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశాకు చెందిన అనురాధ బిస్వాల్ 2002లో పెట్టింది. అంటే 18 ఏళ్ల నాటి రికార్డును ఏకంగా 0.35 సెకన్ల తేడాతో దాటేసింది.

కానీ రికార్డు ఇవ్వలేదు. ఎందుకంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ.. అదే నాడా.. జ్యోతికి టెస్ట్ చేయలేదు. దేశ అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి కూడా ఆ మీట్‌లో లేరు. జ్యోతి తప్పు చేసిందని ఎవరూ అనలేదు. అనుమానం కూడా లేదు. కానీ "క్లీన్" అని చెప్పే కాగితం లేదు కాబట్టి రికార్డు కూడా లేదు.

రెండోసారి గాలి దెబ్బ

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్ జరిగింది. ఈసారి జ్యోతి టైమ్ 13.09. మళ్లీ 13.38 కంటే చాలా ముందే. కానీ వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. రూల్ ప్రకారం 2.0 దాటకూడదు. తేడా 0.1 మాత్రమే. అయినా సరే, రెండోసారీ రికార్డు చేజారింది.

చివరకు 2022 మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో అధికారికంగా రికార్డు దక్కింది. ఇక్కడే విచిత్రం చూడండి. రికార్డు పుస్తకంలోకి ఎక్కిన టైమ్, అంతకు ముందు పోయిన రెండు టైముల కంటే నెమ్మది! కానీ జ్యోతి అక్కడితో ఆగలేదు. అదే నెలలో 13.11, ఆ వెంటనే 13.04. అదే ఏడాది అక్టోబర్‌లో బెంగళూరులో 12.82. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78. 2023లో బ్యాంకాక్‌లో, 2025లో కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు కూడా గెలిచింది.

కాగితం లేదని ప్రతిభను తీసిపారేయడం అన్యాయం కాదా? చాలామంది ఫ్యాన్స్ అడిగేది ఇదే. మీట్‌కు టెస్ట్ టీమ్‌ను పిలిపించాల్సింది నిర్వాహకులు, అధికారులు. నష్టపోయింది పరుగెత్తిన పిల్ల. ఈ వాదనలో బలం ఉంది. కానీ టెస్ట్ లేకుండా రికార్డులు ఇస్తే ఏమవుతుందో ప్రపంచం ఇప్పటికే చూసింది.

రికార్డుకు ఏమేం కావాలి?

స్ప్రింట్, హర్డిల్స్‌లో ప్రధానంగా చూసేవి ఇవీ:
- కొలతలు సరిగ్గా ఉన్న, గుర్తింపు పొందిన ట్రాక్
- చేతి వాచ్ కాదు, ఫోటో ఫినిష్‌తో ఆటోమేటిక్ టైమింగ్
- 200 మీటర్ల వరకు వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లకు మించకూడదు
- గుర్తింపు ఉన్న పోటీ, అధికారుల సంతకాలు
- డోప్ టెస్ట్, అందులో నెగెటివ్ రిజల్ట్

ఇందులో ఒక్కటి తగ్గినా టైమ్ ఉంటుంది కానీ రికార్డు ఉండదు.

దొరికితే పాత రికార్డులు పోతాయా?

టీ కొట్టు దగ్గర ఎక్కువగా తప్పు చెప్పుకునేది ఈ పాయింటే. సాధారణ రూల్ ఏంటంటే, శాంపిల్ తీసుకున్న తేదీ నుంచి వచ్చిన ఫలితాలు పోతాయి. అంతకు ముందువి పోవాలంటే అప్పుడు కూడా మందు వాడినట్టు వేరే ఆధారం కావాలి.

పక్క రాష్ట్రం ఒడిశా స్ప్రింటర్ ద్యుతి చంద్ సంగతే చూద్దాం. 2022 డిసెంబర్‌లో ఇచ్చిన శాంపిల్స్‌లో నిషేధిత సార్మ్స్ దొరికాయి. నాలుగేళ్ల నిషేధం పడింది. 2022 డిసెంబర్ 5 నుంచి ఫలితాలు రద్దు చేశారు. కానీ 2021 జూన్‌లో పటియాలాలో పరుగెత్తిన 11.17 సెకన్ల 100 మీటర్ల జాతీయ రికార్డు అంతకు ముందుది. అందుకే దాని జోలికి వెళ్లలేదు.

2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో 4×400 రిలే స్వర్ణం గెలిచిన భారత జట్టులో ముగ్గురు 2011లో స్టెరాయిడ్ టెస్టులో దొరికారు. కోచ్ ఇచ్చిన సప్లిమెంట్ వల్లే అని చెప్పినా శిక్ష తప్పలేదు. రెండేళ్ల నిషేధం పడింది. స్వర్ణం మాత్రం అలాగే ఉంది.

కెన్యా రన్నర్ రూత్ చెప్న్‌గెటిచ్ 2024 అక్టోబర్ 13న చికాగో మారథాన్‌లో 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. 2025 మార్చి శాంపిల్‌లో దొరికింది. మూడేళ్ల నిషేధం పడినా, చికాగో పరుగు ముందుది కాబట్టి నిషేధంతో పాటు రద్దు కాలేదు.

దీనికి పూర్తి రివర్స్ బెన్ జాన్సన్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 9.79తో గెలిచి మూడు రోజుల్లోనే పతకం పోగొట్టుకున్నాడు. తర్వాత విచారణలో ఏళ్లుగా స్టెరాయిడ్స్ వాడినట్టు ఒప్పుకోవడంతో 1987 రోమ్ రికార్డు 9.83 కూడా కొట్టేశారు.

1980ల రికార్డులపై ఇంకా అనుమానాలు ఎందుకు?

మహిళల 100 మీటర్లలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్ 10.49 (1988), 400 మీటర్లలో తూర్పు జర్మనీకి చెందిన మారిటా కోచ్ 47.60 (1985), 800 మీటర్లలో చెకోస్లొవాకియాకు చెందిన యార్మిలా క్రాటోచ్విలోవా 1:53.28 (1983). దశాబ్దాలు గడిచినా చెక్కు చెదరని నంబర్లు ఇవి. ఈ ముగ్గురిలో ఎవరూ టెస్టులో దొరకలేదు. కానీ అప్పట్లో పోటీలు లేని రోజుల్లో టెస్టులు దాదాపు లేవు. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే క్రీడాకారులకు మందులిచ్చిందని గోడ కూలాక పత్రాలు బయటపడ్డాయి. ఇక 10.49 పరుగులో గాలి మీటర్ 0.0 చూపించింది. అదే టైమ్‌లో పక్కన ట్రిపుల్ జంప్ దగ్గర 4 మీటర్లు దాటింది! కోజికోడ్‌లో 0.1కి రికార్డు పోగొట్టుకున్న మన జ్యోతిని తలుచుకుంటే ఫ్యాన్స్ కడుపు మండటంలో తప్పులేదు.

2017లో యూరోపియన్ అథ్లెటిక్స్ ఒక ప్రతిపాదన పెట్టింది. 2005కు ముందు శాంపిల్స్ దాచే పద్ధతి లేదు కాబట్టి ఆ రికార్డులను పక్కన పెట్టి కొత్తగా లెక్క మొదలుపెడదాం అని. పౌలా రాడ్‌క్లిఫ్, జోనాథన్ ఎడ్వర్డ్స్ లాంటి వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. ఏ తప్పూ చేయని మా రికార్డు ఎందుకు పోవాలన్నది వాళ్ల వాదన. ఆ ప్రతిపాదన అమలు కాలేదు.

మన దేశం పరిస్థితి?

బాగోలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్కల ప్రకారం 2024లో మన దేశంలో 7,113 టెస్టులు చేస్తే 260 పాజిటివ్‌లు వచ్చాయి. అంటే 3.6 శాతం. ఎక్కువ టెస్టులు చేసే దేశాల్లో ఇదే ఎక్కువ. అందుకే కాగితం అడగడం తప్పనిసరైంది. ఒకడు చేసిన మోసానికి నిజాయితీగా పరుగెత్తినవాడు కూడా రుజువు చూపాల్సి వస్తోంది.

ఉద్దానం కుర్రాళ్లు ఇది తప్పక చదవాలి

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. అలాంటి చోట పరుగు కోసం కనిపించిన మాత్ర వేసుకోవడం రెండు రకాలుగా ప్రమాదం.

- బీపీకి, వాపులకు ఇచ్చే "నీరు పోయే మాత్రలు" నిషేధిత జాబితాలో ఉన్నాయి. చెప్న్‌గెటిచ్ దొరికింది ఇలాంటి హైడ్రోక్లోరోథయాజైడ్‌తోనే. ఇంట్లో పెద్దవాళ్ల డబ్బాలో ఉండే మాత్రలు మీరు వేసుకోవద్దు.
- కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే టెర్బుటాలిన్ నిషిద్ధం. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు పోటీ సమయంలో నిషిద్ధం.
- డైక్లోఫెనాక్ లాంటి పెయిన్ కిల్లర్లు డోపింగ్ కిందకు రావు. కానీ ఎండలో ఒళ్లు డీహైడ్రేట్ అయ్యేలా పరుగెత్తి, డాక్టర్‌ను అడక్కుండా వాడితే కిడ్నీకి దెబ్బ.
- జిమ్ పౌడర్ డబ్బా మీద రాయని మందు లోపల ఉండొచ్చు. "నాకు తెలీదు" అంటే శిక్ష తగ్గొచ్చేమో కానీ రిజల్ట్ మాత్రం పోతుంది.
- టీ, కాఫీ భయం లేదు. కెఫీన్ 2004 నుంచి నిషేధ జాబితాలో లేదు.
- నిజంగా జబ్బు ఉంటే వైద్య మినహాయింపుకు ముందే అప్లై చేసుకోవచ్చు. డాక్టర్ రాసిన మందు మాత్రం సొంతంగా ఆపేయొద్దు.

చివరగా ఒక్క మాట. మీ మీట్‌లో మంచి టైమ్ వచ్చే ఛాన్స్ ఉంటే గాలి మీటర్ ఉందా, టైమింగ్ ఎలక్ట్రానికా, డోప్ టెస్ట్ ఉందా అని కోచ్‌ని ముందే అడగండి. అడగడం సిగ్గు కాదు. 13.03కు దక్కాల్సిన గుర్తింపు కోసం జ్యోతి రెండేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.